అద్దాల తొట్టెలో అమెజాన్ కత్తిమొక్క

అక్వేరియం పెట్టుకొన్న ఇళ్ళలో తరచుగా జరిగే సంగతి ఒకటి ఉంది. రంగుల చేపలతో పాటు దుకాణం నుండి ఒక పచ్చని మొక్కను తెస్తారు. దాని ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ, పొడవైన కాడల మీద గరిటెల వలె విచ్చుకొని ఉంటాయి. దుకాణదారు దానిని ‘అమెజాన్ స్వోర్డ్’ అంటాడు. అనగా అమెజాన్ కత్తిమొక్క. తొట్టె నడుమ నాటిన మొదటి వారమంతా ఇంటిల్లిపాదీ దానిని చూసి ముచ్చటపడతారు. రెండవ వారంలో ఆకుల అంచులు పసుపుబారతాయి. మూడవ వారానికి ఆకులు పలచబడి, చిల్లులు పడి, ముట్టుకొంటే చేతికి జారిపోయేటట్లు కరిగిపోతాయి. ‘ఈ నీరు దీనికి పడలేదు’ అని తీర్మానించి యజమాని దానిని పీకి పారవేస్తాడు. కొన్నాళ్ళకు మరొక మొక్కను తెస్తాడు. దానికీ అదే గతి పడుతుంది.

అట్లు పారవేసిన మొక్క చాలాసార్లు చచ్చినది కాదు. పాత ఆకులు కరుగుతున్న సమయంలోనే దాని మొవ్వులో కొత్త ఆకు రూపుదిద్దుకొంటూ ఉంటుంది. మరి కొద్ది వారాలు ఓపిక పట్టి ఉంటే అది తొట్టెకే అలంకారమై, కొన్ని సంవత్సరాల పాటు నిలిచి ఉండేది. కత్తిమొక్కను పెంచదలచినవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఇదే: ఆకును చూసి దాని ఆయువును లెక్కకట్టరాదు. మొవ్వును కనిపెట్టి చూడాలి. వేరుకు ఆహారం ఇవ్వాలి. తక్కిన మెళకువలన్నీ ఈ రెండింటికీ తోడు వచ్చేవే.

ఏటి ఒడ్డున పుట్టిన మొక్క

కత్తిమొక్కల ప్రజాతిని వృక్షశాస్త్రజ్ఞులు ‘ఎకినోడోరస్’ అని పిలుస్తారు. గ్రీకు భాషలో ‘ఎకినోస్’ అంటే ముళ్ళపంది. దీని కాయల గుత్తి చిన్న ముళ్ళబంతి వలె ఉండటం చేత ఈ పేరు వచ్చింది. ఈ మొక్కలు ఉభయ అమెరికా ఖండాలకు చెందినవి. చెక్ వృక్షశాస్త్రజ్ఞుడు కారెల్ రాతాయ్ 1970లో ‘బ్లెహెరి’, ‘అమెజానికస్’ అనే పేర్లతో వీటిలో రెండు జాతులను వర్ణించాడు. తరువాతి పరిశోధకులు ఆ రెండింటినీ 1909లోనే వర్ణితమైన ‘గ్రీసెబాకియై’ అనే జాతిలో చేర్చారు. వ్యాపారంలో మాత్రం పాత పేర్లే చెలామణిలో ఉన్నాయి. పేరు ఏదైనా పెంపకం ఒకటే కనుక కొనుగోలుదారు ఈ విషయమై చింతించనవసరం లేదు.

అంతకంటె ముఖ్యమైనది దాని సహజ జీవనం. నీటిలో అమ్ముతారు కనుక ఇది చేప వలె నిత్యమూ నీటిలోనే బ్రతికేదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఇది ఒడ్డు మొక్క. వాగుల అంచులలో, చిత్తడి నేలలలో పెరుగుతుంది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం వద్ద అమెజాన్ జలాల మట్టం ఏటా సగటున 10 మీటర్ల మేర హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అటువంటి సీమలో వరదకాలంలో నెలల తరబడి మునిగి ఉండటం, నీరు తీసిన తరువాత బురదలో వేళ్ళూని ఎండకు, గాలికి తలయెత్తటం ఈ మొక్కకు అలవాటైన బ్రతుకు. పూలు పూసేది, గింజ కట్టేది గాలిలోనే. అందుచేత రెండు లోకాలకూ సరిపడే శరీరాన్ని ప్రకృతి దానికి ప్రసాదించింది.

రెండు లోకాలకు రెండు ఆకులు

గాలిలో పెరిగే ఆకుకు ఎండ వలన తేమ కోల్పోయే ప్రమాదం ఉంది. కనుక దానికి పైన మైనపు పొర, అవసరమైనపుడు తెరచి మూయగల పత్రరంధ్రాలు, దేనికీ ఆనకుండా నిలబడటానికి గట్టి కాడ ఉంటాయి. నీటిలో పెరిగే ఆకుకు ఇవేవీ అక్కరలేదు. నీరే దానిని ఎత్తి పట్టుకొంటుంది. అయితే అక్కడ మరొక కష్టం ఉన్నది. బొగ్గుపులుసు వాయువు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అంత అరుదుగా అందే వాయువును పట్టుకోవటానికి ఆకు పలుచగా, పొడవుగా సాగి, తన ఉపరితలం ద్వారానే నేరుగా దానిని పీల్చుకొనేటట్లు తయారవుతుంది. కత్తిని పోలిన ఆకారం వచ్చేది ఈ నీటి ఆకులకే. దుకాణంలో కనిపించిన గరిటె ఆకులు గాలిలో పెరిగినవి.

దుకాణానికి వచ్చే కత్తిమొక్కలలో చాలా భాగం నీటిలో పెరిగినవి కావు. తేమ నిండిన పందిళ్ళలో వేళ్ళను మాత్రం తడిలో ఉంచి, ఆకులను గాలిలో పెంచుతారు. అట్లా పెంచితే ఎదుగుదల వేగంగా ఉంటుంది, పాచి పట్టదు, నత్తలు చేరవు, దూరప్రయాణానికి మొక్క తట్టుకొంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు. కాని అట్టి మొక్కను తెచ్చి ఒక్కసారిగా నీట ముంచినపుడు గాలి కోసం పుట్టిన ఆకులు నీటిలో పనికిరాకుండా పోతాయి. మొక్క వాటిలోని సత్తువను వెనక్కు లాగుకొని, ఆ పెట్టుబడితో నీటి ఆకులను తయారు చేసుకొంటుంది. యజమాని కంటికి కనిపించే కుళ్ళు వెనుక జరిగే కార్యం ఇదే.

వరి పండించే సీమలవారికి ఇది కొత్త సంగతి కాదు. నారుమడి నుండి పీకి ఊడ్చిన నారు కొన్నాళ్ళు వాడి, పసుపుబారి, ఆ తరువాత తేరుకొని కొత్త ఆకు వేస్తుంది. పైరు పచ్చబడలేదని ఏ రైతూ నాలుగవ నాటికే దానిని పీకివేయడు. కత్తిమొక్కకు పట్టే గడువు మరికొంత ఎక్కువ. మొదటి నీటి ఆకు కనిపించటానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు, పూర్తిగా కుదురుకోవటానికి రెండు మూడు నెలలు పడుతుంది.

మొక్క బ్రతికి ఉన్నదో లేదో తెలుసుకొనే ఉపాయం తేలికైనదే. మొవ్వును వేలితో మెల్లగా తాకి చూడాలి. గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. మెత్తబడి, నల్లబారి, దుర్వాసన వేస్తే మాత్రమే ఆశ వదులుకోవాలి.

కుళ్ళిన ఆకు నేర్పిన పాఠం

ఓపిక పట్టమన్నారు గదా అని కుళ్ళిన ఆకులను తొట్టెలోనే వదలివేయరాదు. ఈ సత్యం అక్వేరియం చరిత్ర ఆరంభంలోనే బయటపడింది. 1849లో లండన్ నగరంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచి పరీక్షించాడు. వాలిస్నేరియా మన దేశపు చెరువులలోనూ పెరిగేదే. చేపకు మొక్క ప్రాణవాయువును, మొక్కకు చేప బొగ్గుపులుసు వాయువును ఇచ్చి పరస్పరం పోషించుకొంటాయని నిరూపించటం అతని ఉద్దేశం. ప్రయోగం చక్కగానే మొదలయింది గాని, మొక్క పాత ఆకులు కుళ్ళటంతో నీరు మురికిపట్టి చేపలకు ప్రాణాపాయం ఏర్పడింది. అప్పుడతడు కుళ్ళిన పదార్థాన్ని తినే నీటి నత్తలను తొట్టెలో చేర్చాడు. నీరు తేటపడింది. ఆ ఫలితాలను మరుసటి సంవత్సరం లండన్ రసాయన సంఘం ముందుంచాడు. ఇంట అక్వేరియం పెట్టుకొనే వేడుక వ్యాపించటానికి ఇటువంటి ప్రయోగాలే దారి తీశాయి.

నత్తల బదులు నేడు కత్తెర చాలు. ఆకు సగానికి పైగా పసుపుబారిన తరువాత కాడ మొదటికంటా కత్తిరించి తీసివేయాలి. పచ్చగా ఉన్న ఆకులన్నింటినీ ముందుగానే కోసివేయటం కూడ పొరపాటే. మొవ్వుకు అందవలసిన సత్తువ అందులోనే నిలవ ఉన్నది. ఆకులు రాలే ఆ నెల రోజులలో వారానికొకసారి తొట్టె నీటిలో నాలుగవ వంతు తీసి కొత్త నీరు పోస్తూ ఉంటే చేపలకు హాని కలుగదు.

నాటే విధానం

కత్తిమొక్క చిన్న తొట్టెకు తగినది కాదు. చక్కగా ఎదిగినపుడు 40 నుండి 50 సెంటీమీటర్ల ఎత్తుకు పెరిగి, అంత వెడల్పునా ఆకులు పరుస్తుంది. 45 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తుగల, సుమారు 100 లీటర్ల తొట్టె దీనికి అనుకూలం. మొక్కను తొట్టె నడుమనో వెనుకవైపునో ఉంచి, దాని నీడ పడని చోట పొట్టి మొక్కలను నాటుకోవాలి.

వేళ్ళకు చుట్టిన దూది వంటి పదార్థాన్ని, సీసపు పట్టీని విప్పి వేయాలి. పొడవైన వేళ్ళను 5 నుండి 8 సెంటీమీటర్ల మేర ఉంచి తక్కినవి కత్తిరించవచ్చు. కొత్త వేళ్ళు త్వరలోనే వస్తాయి. అడుగున పరిచే ఇసుక 2 నుండి 3 మిల్లీమీటర్ల గింజ గలదై, 6 నుండి 8 సెంటీమీటర్ల మందాన ఉండాలి. సన్నని ఇసుక గట్టిపడి వేళ్ళకు గాలి ఆడనీయదు. మరీ పెద్ద గులకరాళ్ళలో మొక్క నిలద్రొక్కుకోదు.

నాటేటపుడు జాగ్రత్త వహించవలసినది మొవ్వు విషయంలోనే. వేళ్ళు పూర్తిగా ఇసుకలో ఉండాలి. మొవ్వు పూర్తిగా ఇసుక పైన ఉండాలి. అరటి పిలకను నాటినట్లు లోతుగా పాతితే మొవ్వు కుళ్ళుతుంది. మొక్కను కొద్దిగా లోతుగా నాటి, తరువాత మెల్లగా పైకి లాగి మొదలు బయటపడేటట్లు చేయటం అనుభవజ్ఞుల పద్ధతి. ఒకసారి నాటిన తరువాత అందం కోసం చోటు మార్చరాదు. ఎదిగిన కత్తిమొక్క వేళ్ళు ఇసుక అంతటా అల్లుకొంటాయి. పీకిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటి నుండి ప్రారంభించవలసి వస్తుంది.

ఇసుకను ఎన్నుకొనేటపుడు చిన్న పరీక్ష చేయటం మేలు. గిన్నెలో కొంత ఇసుక వేసి వెనిగర్ గాని నిమ్మరసం గాని పిండాలి. బుస్సున నురుగు వస్తే అందులో సున్నపు అంశం ఉన్నట్లు. గవ్వల తునకలు, చలువరాతి ముక్కలు, నాపరాతి పలుకులు ఇటువంటివే. అవి మెల్లగా కరిగి నీటిని కఠినజలంగా మారుస్తాయి.

ఎర్రమట్టికి దక్కిన గౌరవం

కత్తిమొక్క ఆహారాన్ని ముఖ్యంగా వేళ్ళ ద్వారా తీసుకొంటుంది. నీటిలో తేలే మొక్కకు నీటిలో కలిపే ఎరువు సరిపోతుంది గాని దీనికి వేళ్ళ దగ్గరే భోజనం అందాలి. శుభ్రంగా కడిగిన ఇసుకలో పోషకం ఏమీ ఉండదు. చేపల మేత, విసర్జనల నుండి నత్రజని, భాస్వరం సమకూరుతాయి. ఇనుము, పొటాషియం సాధారణంగా చాలవు. అందుచేతనే తొలి నెలలో బాగున్న మొక్క ఆరవ నెలలో చిక్కిపోతుంది.

1980 దశకంలో జర్మనీ దేశపు అక్వేరియం నిపుణులు కాస్పర్ హోర్స్ట్, హోర్స్ట్ కిప్పర్‌లు ఇసుక అడుగుపొరలో లాటరైట్ అనే ఎర్రమట్టిని కలపటాన్ని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. ఐరోపా, అమెరికాలలో దానిని పెట్టెలలో పోసి అమ్మసాగారు. ఆ మట్టికి పేరు పుట్టినది మాత్రం మన దేశంలోనే. ఈస్టిండియా కంపెనీ పనిమీద దక్షిణాదిన పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు, కేరళలోని అంగాడిపురం ప్రాంతంలో జనం నేల నుండి మెత్తని ఎర్రమట్టిని ఇటుకలుగా కోసి, గాలికి గట్టిపడిన తరువాత ఇళ్ళు కట్టుకోవటం చూశాడు. లాటిన్ భాషలో ఇటుకకు ‘లాటర్’ అని పేరు. 1807లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఆ మట్టికి అతడు ‘లాటరైట్’ అని నామకరణం చేశాడు.

ఆ ఎరుపు ఇనుప తుప్పుది. తుప్పు నీటిలో కరగదు గదా, మొక్కకు ఎట్లా అందుతుంది అన్న సందేహం కలుగవచ్చు. దీనికీ వరిమడిలోనే సమాధానం ఉన్నది. నీరు నిలిచిన నేల లోపలి పొరలలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అటువంటి చోట సూక్ష్మజీవుల చర్య వలన తుప్పులోని ఇనుము కరిగే రూపంలోకి మారుతుంది. అక్వేరియం అడుగున కూడ జరిగేది అదే. చిత్తడినేల మొక్కల కాడలలో గాలి గదులుంటాయి. వాటి గుండా ప్రాణవాయువు వేళ్ళకు దిగుతుంది. కనుకనే ఊపిరాడని ఆ బురదలోనూ వేళ్ళు కుళ్ళకుండా నిలుస్తాయి.

ఎరువు వేయని చోటి నుండి తెచ్చిన ఎర్రమట్టిని జల్లించి, తడిపి, గోలీకాయంత ఉండలు చేసి, నీడన బాగా ఆరబెట్టి, మొక్క చుట్టూ రెండు మూడు చోట్ల ఇసుక అడుగుకంటా నొక్కవచ్చు. అంత శ్రమ ఎందుకనుకొనేవారికి దుకాణాలలో వేళ్ళ ఎరువు బిళ్ళలు దొరుకుతాయి. రెండు మూడు నెలలకొకసారి ఒకటి రెండు బిళ్ళలు వేళ్ళ దగ్గర లోతుగా గుచ్చితే చాలు. పేడ, యూరియా, పొలం మట్టి మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. వాటి నుండి వెలువడే అమోనియా ఒక్క రాత్రిలో చేపలన్నింటినీ చంపగలదు.

నీరు, వెలుగు, వేడి

కత్తిమొక్క సర్దుకుపోయే గుణం గలది. ఉదజని సూచిక 6.5 నుండి 7.5 వరకు ఉన్న, మరీ కఠినం కాని నీరు దానికి హాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ఒక రోజు వెడల్పాటి పాత్రలో ఉంచిన తరువాత వాడాలి. కొన్ని నగరాలలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు. అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు. దానికి విరుగుడు మందు వాడవలసిందే. తెలంగాణ, రాయలసీమలలోని అనేక ప్రాంతాల బోరు నీరు కఠినజలం. అటువంటి నీటిలో ఇనుము మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. బోరు నీటిలో సగం మేర శుద్ధియంత్రం నుండి వచ్చే నీటిని గాని, శుభ్రంగా పట్టిన వాననీటిని గాని కలిపితే సమస్య తీరుతుంది. పూర్తిగా శుద్ధియంత్రపు నీటినే పోయటం మంచిది కాదు. అందులో మొక్కకు, చేపకు అవసరమైన లవణాలు దాదాపు ఉండవు.

వెలుగు రోజుకు 8 నుండి 10 గంటలు చాలు. లీటరు నీటికి 15 నుండి 30 ల్యూమెన్ల వెలుగునిచ్చే తెల్లని ఎల్‌ఈడీ దీపం తగినది. కొత్తగా నాటిన నెలలో 6 గంటలకు తగ్గించటం వివేకం. ఆకులు కరుగుతున్న మొక్క వెలుగును వినియోగించుకోలేదు. ఆ మిగులు వెలుగు పాచికి దక్కుతుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టెను ఉంచరాదు. కొన్ని కత్తిమొక్కలు 12 గంటలకు మించిన వెలుగును చూసి పూతకాలం వచ్చినదని భ్రమించి నీటి పైకి గాలి ఆకులు తీస్తాయి.

22 నుండి 28 డిగ్రీల వేడి దీనికి అనువైనది. మన వేసవి ఆ హద్దును సులభంగా దాటుతుంది. నీరు వేడెక్కిన కొలదీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములనే ఇముడ్చుకొంటుంది. పైగా రాత్రివేళ మొక్క కూడ ప్రాణవాయువును పీల్చుకొంటుంది. మొక్క ఉన్నది గదా అని గాలి బుడగల యంత్రాన్ని ఆపివేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తొట్టె మూత తీసి, నీటి ఉపరితలంపై చిన్న పంకా గాలి తగిలేటట్లు చేస్తే కుండలో నీరు చల్లబడినట్లే తొట్టె కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరైన మేరకు మెత్తని నీరే పోయాలి. బోరు నీరు పోస్తూ పోతే లవణాలు నానాటికీ పేరుకుపోతాయి.

ఆకులు చూపే లక్షణాలు

కుదురుకొన్న తరువాత మొక్కలో లోపం కనిపిస్తే, అది పాత ఆకులో మొదలయిందా, కొత్త ఆకులోనా అని ముందుగా పరిశీలించాలి. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుండి మరొక చోటికి కదలగలవు. కొరత ఏర్పడినపుడు మొక్క వాటిని ముసలి ఆకు నుండి తీసి లేత ఆకుకు పంపుతుంది. ఇనుము అట్లా కదలదు.

కాబట్టి లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, తక్కిన భాగం వెలవెలబోతే అది ఇనుము కొరత. ముదురాకులు మొత్తంగా పసుపుబారితే నత్రజని కొరత. ముదురాకులపై గుండుసూది పొడిచినట్లు చిన్న చిల్లులు పడి, వాటి అంచులు పసుపుగా మారితే పొటాషియం కొరత. ముదురాకులలో ఈనెల మధ్య మాత్రమే పసుపు కనిపిస్తే మెగ్నీషియం కొరత అయి ఉండవచ్చు. చెడిన ఆకు ఏ మందుకూ బాగుపడదు. ఇచ్చిన ఎరువు పనిచేసినదా లేదా అన్నది రాబోయే రెండు మూడు ఆకులే తెలుపుతాయి. ఆత్రపడి ఎరువు మీద ఎరువు వేస్తే బాగుపడేది పాచి మాత్రమే.

తగిన సహవాసులు

అమెజాన్ జలాలకే చెందిన ఏంజెల్ చేపకు కత్తిమొక్క వెడల్పాటి ఆకు అనువైన పురుడుగది. నిటారుగా నిలిచిన ఆకు మీద అది గుడ్లు పెడుతుంది. టెట్రా చేపలు కూడ మొక్క జోలికి పోవు. భారత ఉపఖండపు చేపలలో చారల డానియో, తేనెరంగు గౌరామి చక్కని తోడు. ఈ రెండింటినీ తొలిసారి శాస్త్రీయంగా వర్ణించినది, లాటరైట్‌కు పేరు పెట్టిన ఆ బుకాననే. తల్లి వైపు ఆస్తి సంక్రమించటంతో హామిల్టన్ అని ఇంటిపేరు మార్చుకొన్న అతడు, గంగానదీ మత్స్యాలపై 1822లో వెలువరించిన గ్రంథంలో వాటిని చేర్చాడు. అడుగున అతడు పేరు పెట్టిన మట్టి, పైన అతడు వర్ణించిన చేపలు ఒకే తొట్టెలో కలుసుకోవటం విశేషమే.

బంగారు చేపలు లేత ఆకులను కొరుకుతాయి; వేళ్ళను పెళ్ళగిస్తాయి. పెద్ద సిక్లిడ్ చేపలు ఇసుక తవ్వి మొక్కనే పైకి తేలుస్తాయి. పాచిని శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప పెద్దదైన కొలదీ కత్తిమొక్క వెడల్పాటి ఆకులను గీకి జల్లెడ చేస్తుంది. ఆ చిల్లులను చూసి పొటాషియం కొరత అని భ్రమపడేవారూ ఉన్నారు.

పిలకలు, రంగుల వంగడాలు

బాగా కుదిరిన మొక్క ఒకనాడు పొడవైన పూలకాడను చాస్తుంది. అది గాలిలోకి వస్తే మూడు రేకుల తెల్లని పూలు పూస్తుంది. నీటిలోనే ఉండిపోతే పూలకు బదులు కణుపు కణుపునా పిలకలు మొలుస్తాయి. పిలకకు నాలుగైదు ఆకులు, వేలెడు వేళ్ళు వచ్చేదాకా తల్లి నుండి వేరు చేయరాదు. అట్లా నీటిలోనే పుట్టిన పిలకకు గాలి ఆకులు ఉండవు. కనుక మరొక తొట్టెలో నాటినపుడు మొదటి మొక్క పడిన కష్టం ఇది అంతగా పడదు. తోటివారి తొట్టె నుండి పిలకను తెచ్చుకోవటం దుకాణంలో కొనటం కంటె మేలనేది ఇందుకే.

నేడు ఎర్రని, మచ్చల ఆకుల కత్తిమొక్కలు కూడ విరివిగా లభిస్తున్నాయి. ఇవి అడవి జాతులు కావు. సంకరణం ద్వారా మానవుడు సృష్టించిన వంగడాలు. జర్మనీలోని దెస్సౌ నగరానికి చెందిన హాన్స్ బార్త్ ఈ రంగంలో ప్రసిద్ధుడు. అమెరికా అడవులలోని మచ్చల పిల్లి ‘ఆసిలాట్’ పేరు పెట్టుకొన్న వంగడం అతనిదే. దాని లేత ఆకులు ఎర్రగా, ముదురు మచ్చలతో ఉండి, ముదిరిన కొలదీ ఆకుపచ్చబడతాయి. ఇది కొరత కాదు, దాని స్వభావం. సంకర వంగడం గింజల నుండి వచ్చే మొక్కలు తల్లిని పోలవలసిన నియమం లేదు. అందుచేత వీటిని పిలకల ద్వారా గాని, దుంపను కోసి గాని, కణజాల వర్ధన పద్ధతిలో గాని వృద్ధి చేస్తారు. పెంపకం విషయంలో ఇవి పచ్చని కత్తిమొక్కకు భిన్నమైనవి కావు; ఇనుము మీద మక్కువ కొంత ఎక్కువ.

తొట్టె దాటరాని మొక్క

ఒక మొక్క పది పిలకలు పెట్టినపుడు మిగిలినవాటిని ఏమి చేయాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. దగ్గరలోని చెరువులోనో కాలువలోనో వేయటం చాలామందికి పుణ్యకార్యం వలె తోస్తుంది. అది చేయరాని పని. నేడు కొల్లేరు మొదలు ఊరి చెరువుల దాకా నీటిని కప్పివేస్తున్న గుర్రపుడెక్క కూడ అమెజాన్ సీమలోనే పుట్టింది. ఊదారంగు పూల అందానికి మురిసి దానిని 19వ శతాబ్దం చివర బెంగాలుకు తెచ్చారు. కేరళలోని కోజికోడ్ జిల్లా ఆవళ పాండి వద్ద 2020లో కాలువ నిండా గులాబీరంగు పూలు పూస్తే చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. ఆ పూలు కాబోంబా అనే దక్షిణ అమెరికా అక్వేరియం మొక్కవి. తొట్టెలలో పెరిగి, పెంచినవారికి బరువై, బయట పడిన సక్కర్ చేపలు ఆంధ్రప్రదేశ్‌లోని నదులలో, చేపల చెరువులలో వలలు చించి, ఇతర చేపల మేత దోచి మత్స్యకారులకు తలనొప్పిగా మారాయి.

కత్తిమొక్క ఇంతవరకు అటువంటి అపకీర్తిని మూటగట్టుకోలేదు. కాని వరదలో మునిగి, ఎండలో తేలి, ఆకులన్నీ పోయినా మొవ్వు నుండి తిరిగి లేచే దాని శక్తిని తక్కువగా అంచనా వేయరాదు. తొట్టెలో పెంచేవానికి ఊరట కలిగించే ఆ శక్తే కాలువలో చేరితే గుబులు కలిగించవచ్చు. మిగిలిన పిలకలను మరొకరికి ఇవ్వాలి. లేదా ఎండలో బాగా ఎండబెట్టి పెరటి ఎరువు గుంటలో వేయాలి. తక్కిన విషయాలలో ఈ మొక్క కోరేది స్వల్పం. వేళ్ళకు గుప్పెడు ఎర్రమట్టి, వారానికొకసారి కొంత కొత్త నీరు, మొదటి నెలలో పీకివేయకుండా ఉండగల కొద్దిపాటి నిగ్రహం దానికి చాలు.